వెనక సీట్లోంచి సముద్రం కనబడదు

పోయిన వారం ఒక స్నేహితురాలు నాకొక ప్లాన్ పంపింది. ఐదు రోజులు, తీరం వెంట కారులో. నాలుగేళ్ల పాప, ఏడాదిన్నర బాబు. ఏ రోజు ఎన్ని కిలోమీటర్లు, ఎక్కడ ఆగాలి, ఎక్కడ ఫొటోలు బాగా వస్తాయి, అన్నీ రాసుకుంది. మొత్తం పదకొండు చోట్లు. "నువ్వు వెళ్లొచ్చావు కదా, ఏమైనా మర్చిపోయానేమో చూసి చెప్పవే" అంది. మర్చిపోయిందేమీ లేదు. ఆ లిస్టులో ముప్పావు వంతు కొట్టేయమని చెప్పాలనిపించింది. ఫోన్లో చెప్పబోతే అది పది నిమిషాల్లో తేలే సంగతి కాదని అర్థమైంది. అందుకే కూర్చుని రాస్తున్నాను.

నేను చెప్పదలుచుకున్నది ఇదీ. తీరం వెంట పోయే రోడ్డు పెద్దవాళ్ల సంబరం. పిల్లలకి అందులో దక్కేది చాలా తక్కువ. వాళ్లకి కావలసింది ఒడ్డు. కాబట్టి చిన్నపిల్లలున్న వాళ్లు ఈ ప్రయాణం పెట్టుకుంటే రోడ్డుని కుదించుకుని ఒడ్డుని పెంచుకోవాలి. రోజుకి రెండు గంటలకు మించి కారు నడవకూడదు. ఐదు రోజులకి రెండు ఒడ్లు చాలు. చూసిన ఒడ్డుకే మళ్లీ మళ్లీ వెళ్లాలి. నేను మొదటి నుంచీ ఇలా అనుకున్నదాన్ని కాదు. ఒక ప్రయాణం మొత్తం పాడయ్యాక తెలిసింది.

"ఏదీ? ఎక్కడ?"

మొదటిసారి వెళ్లినప్పుడు పెద్దదానికి నాలుగేళ్లు, చిన్నోడికి ఇంకా రెండు నిండలేదు. నాలుగు రోజుల్లో తొమ్మిది చోట్లు చూడాలనుకున్నాం. మావారికి డ్రైవింగ్ అంటే ప్రాణం. నేను ముందు సీట్లో కూర్చుని, మలుపు తిరిగి నీళ్లు కనబడ్డప్పుడల్లా వెనక్కి తిరిగి "అదిగో, అటు చూడండి, సముద్రం!" అని అరుస్తూనే ఉన్నాను. పెద్దది ప్రతిసారీ "ఏదీ? ఎక్కడ?" అనేది. నాలుగైదు సార్లయ్యాక విసుగొచ్చింది. పక్కనే అంత సముద్రం ఉంటే కనబడట్లేదంటావేంటి అని కసిరాను కూడా.

మూడో రోజు చిన్నోడు ఏడుపు ఆపకపోతే నేను వెనక్కి మారి, పిల్లల్ని బెల్టులతో కట్టి కూర్చోబెట్టే వాళ్లిద్దరి కారు సీట్ల మధ్య ఇరుక్కుని కూర్చున్నాను. వాడి చేతిలోంచి జారిపోయిన బొమ్మ కోసం కిందికి వంగి, పైకి లేస్తూ పెద్దదాని తల పక్కన నా తల ఆనించాను. ఆ ఎత్తులోంచి బయటికి చూశాను. ఎదురుగా ముందు సీటు వీపు. దాని జేబులో సగం ఖాళీ అయిన నీళ్ల సీసా. పక్కన కిటికీకి, ఎండ పడకూడదని నేనే తగిలించిన నల్ల జాలీ. జాలీకి పైన ఒక సన్నటి పట్టీ ఆకాశం, అందులో స్తంభాల తలలు ఒకటొకటిగా వెనక్కి పోతున్నాయి. అంతే. నీటి చుక్క లేదు. సరిగ్గా అప్పుడే ముందు నుంచి మావారు "అబ్బ, ఆ రంగు చూడు!" అన్నారు.

చిన్నోడిది ఇంకా వెనక్కి తిరిగి ఉండే సీటు. వాడికి వెనక సీటు వీపు, పైన అద్దంలో మబ్బులు తప్ప ఇంకేమీ లేవు. అంటే రెండున్నర రోజులుగా ఇద్దరు పిల్లల్ని కట్టి కూర్చోబెట్టి, వాళ్లకి కనబడని దాన్ని చూడమని చెప్పి, చూడలేదని కోప్పడ్డాను. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

పెద్దదానికి ముందు రోజు వాంతులు ఎందుకయ్యాయో కూడా ఆ సీట్లోనే తెలిసింది. మన చెవి లోపల కదలికని పసిగట్టే ఏర్పాటు ఒకటుంటుంది. కారు మలుపు తిరిగితే అది మెదడుకి "కదులుతున్నాం" అని చెప్తుంది. కళ్లకేమో కదలని సీటు వీపు కనబడుతుంది. ఈ రెంటికీ పొంతన కుదరక కడుపులో తిప్పుతుంది. ముందు కూర్చున్న వాళ్లకి దూరాన ఆకాశం అంచు కనబడుతూ ఉంటుంది కాబట్టి కన్నూ చెవీ ఒకే మాట చెప్తాయి. స్టీరింగ్ పట్టుకున్న మనిషికైతే రాబోయే మలుపు ముందే తెలుసు. రెండేళ్ల లోపు పిల్లల్లో ఈ బాధ అరుదు, రెండు నుంచి పన్నెండేళ్ల మధ్య బాగా ఎక్కువ. కొండ అంచున మెలికలు తిరుగుతూ పోయే రోడ్డుని, అందరూ "ఆ రోడ్డు మాత్రం మిస్ అవ్వద్దు" అని చెప్పే రోడ్డుని, ఆ వయసు పిల్లల వైపు నుంచి ఒక్కసారి ఆలోచించండి.

ఫోన్ ఇస్తే ఊరుకుంటారు కదా అంటారు. మేమూ ఇచ్చాం. తల వంచుకుని దగ్గరి తెరని చూస్తుంటే కన్నుకీ చెవికీ తగువు ఇంకా పెరుగుతుంది. ఇరవై నిమిషాలు కారులో నిశ్శబ్దం, ఆ తర్వాత రోడ్డు పక్కన ఆపి బట్టలు మార్చడం.

"మా చిన్నప్పుడు ఇవన్నీ ఉన్నాయా?"

ఈ మాట మా ఇంట్లో పెద్దవాళ్లందరూ అన్నారు. వాళ్ల మాటలో నిజం ఉంది. మా చిన్నప్పుడు మేం పెద్దవాళ్ల ఒళ్లో, కిటికీ దగ్గర కూర్చుని, గాలి మొహానికి కొడుతుంటే అన్నీ చూస్తూ పోయాం. మాకు కనబడింది, మా పిల్లలకి కనబడట్లేదు. కారణం ఆ సీటే. మరైతే ఆ సీటు తీసేసి కాసేపు ఒళ్లో కూర్చోబెట్టుకుంటే ఏం పోయింది?

నేను దీని మీద చాలా ఆలోచించాను, ఎందుకంటే నాకూ ఆశగా అనిపించింది. కానీ లెక్క చూస్తే ధైర్యం చాలదు. గంటకి 50 కిలోమీటర్ల వేగంలో వెళ్తున్న కారు గుద్దుకుని సెకనులో పదో వంతులో ఆగిపోతే, పది కిలోల పిల్లాడిని పట్టుకోవడానికి నూరు కిలోలకు పైగా బరువుని ఆపగల చేతులు కావాలి. ఏ తల్లికీ అలాంటి చేతులు లేవు. కాబట్టి సీటు సీటే. అందులో కూర్చోబెట్టే సమయాన్ని తగ్గించడం ఒక్కటే మన చేతిలో ఉంది. పసిపిల్లల్ని ఆ సీట్లో ఏకబిగిన రెండు గంటలకు మించి ఉంచొద్దని ఎలాగూ చెప్తారు. నేను ఒక అడుగు ముందుకేసి, రోజు మొత్తానికి రెండు గంటలే అంటున్నాను.

ఇక్కడ మావారి వాదన కూడా చెప్పాలి, ఎందుకంటే అది కొట్టిపారేసేది కాదు. ఆయన అనేది ఏంటంటే, "రోడ్డు ట్రిప్‌లో రోడ్డే లేకపోతే ఇంకేం మిగిలింది? అలాంటప్పుడు రైల్లో వెళ్లి ఒక చోట ఉండి రావచ్చుగా. పిల్లలు పుట్టకముందు మనిద్దరం ఎలా తిరిగేవాళ్లం! నాన్నకి ఏది ఇష్టమో పిల్లలు కూడా తెలుసుకోవాలి కదా. అన్నీ వాళ్ల చుట్టూనే తిప్పితే వాళ్లకి మాత్రం మంచిదా?" అని.

చివరి మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. నిజమే, పిల్లలకి సర్దుకోవడం రావాలి. కానీ సర్దుకోవడం అనేది అలవాటైతే వచ్చేది. కడుపులో తిప్పే పిల్లని సర్దుకోమనడం కుదరదు. ఇంకొకటి, కారు వల్ల దొరికే లాభం దూరం ఒక్కటే కాదు. పిల్ల వాంతి చేసుకుంటే ఆపగలం, నిద్రపోతే ఇంకో అరగంట నడపగలం, ఒక చోట నచ్చితే ఉండిపోగలం. రైల్లో అవి కుదరవు. కారు ఇచ్చే స్వేచ్ఛని ఆగడానికి వాడుకుందాం అన్నాను. ఆయన పూర్తిగా ఒప్పుకున్నారని చెప్పలేను.

డ్రైవింగ్ చేసే మనిషి గురించి కూడా ఒక మాట. మొదటిసారి మేం పెద్ద తెలివిగా అనుకుని, పిల్లలు మధ్యాహ్నం పడుకునే సమయాన్నే ప్రయాణానికి పెట్టుకున్నాం. రెండింటికి బయలుదేరితే నాలుగింటి దాకా గొడవ ఉండదని. పిల్లలు నిజంగానే పడుకున్నారు. కానీ పెద్దవాళ్ల ఒంటికి కూడా మత్తు కమ్మేది ఆ వేళలోనే. తెల్లవారుజాము తర్వాత మనిషికి సహజంగా నిద్ర ముంచుకొచ్చే సమయం మధ్యాహ్నం రెండు, నాలుగు మధ్య. వెనక పిల్లలు, పక్కన నేను, కారులో చల్లటి గాలి. ఒక చోట బండి మెల్లగా తెల్లగీత మీదికి వెళ్లింది. నేను "ఏవండీ" అన్నాను. ఆయన ఉలిక్కిపడి స్టీరింగ్ తిప్పారు. ఇద్దరం కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఇప్పుడు మేం వెలుతురు వచ్చాక, ఆరున్నర ఏడింటికి బయలుదేరతాం. ఎండెక్కేలోపు చేరిపోతాం. మధ్యాహ్నం నలుగురం గదిలో పడుకుంటాం.

గుంట

రెండోసారి వెళ్లినప్పుడు మూడు రాత్రులు ఒకే ఒడ్డున ఉన్నాం. ఇసుక చేరడానికి రోడ్డు దాటనక్కర్లేని గది చూసుకున్నాం. మొదటి రోజు సాయంత్రం నాకు కొంచెం బెంగగానే ఉంది. ఇంత దూరం వచ్చి మూడు రోజులు ఇదే చూస్తామా, పిల్లలకి బోరు కొట్టదా అని.

పెద్దది తడి ఇసుకలో చేత్తో గుంట తవ్వడం మొదలుపెట్టింది. జానెడు లోతు వెళ్లేసరికి అడుగు నుంచి నీళ్లు ఊరాయి. పైనుంచి ఎవరూ పొయ్యకుండా నీళ్లు ఎలా వచ్చాయో దానికి అర్థం కాలేదు. గుంట అంచులు మెత్తబడి లోపలికి జారుతుంటే అరచేతులతో నొక్కి నిలబెట్టబోయింది. ఇంకాస్త జారాయి. ఇంకో అడుగు ఎగువకి జరిగి తవ్వింది. అక్కడ నీళ్లు కాస్త లోతున తగిలాయి. ఇంకా పైకి జరిగింది. పొడి ఇసుకలో ఎంత తవ్వినా గోడ నిలవదు, పూర్తిగా తడిసిన చోట జారిపోతుంది, నడుమ ఒక బెత్తెడు మేర మాత్రం గోడలు నిలబడతాయని గంటన్నరలో తనే కనుక్కుంది. నేను ఒక్క ముక్క చెప్పలేదు. పెద్దవాళ్లం పక్కనుంటే ఏదో ఒకటి చెప్పేస్తాం, ఆ రోజు అలిసిపోయి ఊరుకున్నాను, అదే మంచిదైంది.

(గుంట గురించి ఒక జాగ్రత్త చెప్పకుండా ఉండలేను. పిల్లల మోకాలి లోతు దాటి తవ్వనివ్వకండి. ఇసుక గోడ ఒక్కసారిగా కూలితే లోపలున్న పిల్లల్ని లాగడం పెద్దవాళ్లకి కూడా కష్టం, ఇసుక మీద పడి ప్రాణాలు పోయిన సందర్భాలు ఉన్నాయి. వచ్చేటప్పుడు పూడ్చేయండి, చీకట్లో ఎవరైనా కాలు పెడతారు.)

రెండో రోజు పొద్దున నీళ్లు బాగా వెనక్కి తగ్గిన వేళ వెళ్లాం. తడి ఇసుక మీద ఎవరో ముగ్గు చుక్కలు పెట్టినట్టు వేల వేల చిన్న ఇసుక ఉండలు, ఆవగింజ కంటే కాస్త పెద్దవి, ఒక్కో కన్నం చుట్టూ చక్రం ఆకుల్లా బారులు తీరి ఉన్నాయి. గోరంత పీతలు చేసిన పని అది. ఇసుకని నోట్లోకి తోసుకుని, దానికి అంటుకున్న ఆహారం తినేసి, మిగిలిన ఇసుకని ఉండ చేసి పక్కన పెడతాయి. మనం అడుగు వేస్తే చటుక్కున కన్నంలోకి. కదలకుండా కూర్చుంటే రెండు మూడు నిమిషాలకి మళ్లీ బయటికి. చిన్నోడు రెండు నిమిషాలు కదలకుండా కూర్చోవడం నేను అంతవరకు ఎప్పుడూ చూడలేదు. గొంతుక్కూర్చుని, మోకాళ్ల మీద గడ్డం ఆనించి, ఊపిరి కూడా మెల్లగా వదులుతున్నాడు.

సాయంత్రానికి ఆ ఉండలన్నీ మాయం. పోటుకి చెరిగిపోయాయి. మూడో రోజు పొద్దున మళ్లీ వచ్చాయి, కాకపోతే ముందు రోజు కంటే కాస్త ఆలస్యంగా. చాలా తీరాల్లో పోటుకీ పోటుకీ మధ్య 12 గంటల 25 నిమిషాలు పడుతుంది. అందుకే పోటు వేళ రోజూ దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. పౌర్ణమికి, అమావాస్యకి నీళ్లు ఇంకా పైకి వస్తాయి, ఇంకా కిందికి తగ్గుతాయి. చదివితే ఇది లెక్క. ఒకే ఒడ్డుకి మూడు రోజులు వెళ్తే ఐదేళ్ల పిల్లకి కూడా "నిన్న ఇక్కడిదాకా రాలేదు కదమ్మా" అని తెలుస్తుంది. రోజుకో ఒడ్డు మార్చే వాళ్లకి ఇది దొరకదు. సముద్రం రోజూ కొత్తగా ఉంటుందని తెలియాలంటే చోటు పాతదై ఉండాలి.

నీటి అంచున నిలబడితే మన కంటికి సముద్రం ఎంత దూరం కనబడుతుందనేది మన ఎత్తుని బట్టి ఉంటుంది. నా కన్ను నేల నుంచి ఒకటిన్నర మీటర్ల ఎత్తున ఉంటే ఆకాశం అంచు దాదాపు 4.4 కిలోమీటర్ల దూరాన ఉంటుంది. పెద్దదాని కన్ను మీటరు కంటే కిందే, 90 సెంటీమీటర్లు. దానికి 3.4 కిలోమీటర్లే. మాకిద్దరికీ ఒక కిలోమీటరు తేడా. మావారు దాన్ని భుజాల మీదికి ఎక్కించుకోగానే "నాన్నా, పడవ వచ్చింది!" అంది. అంతవరకు దానికి కనబడని పడవ అది.

నాకున్న అసలు భయం

ఇంతవరకు చదివి, నా వాదనలో లోపం పట్టుకునే వాళ్లుంటారు. నేనే పట్టుకున్నాను. కారులో గంటలు తగ్గించి ఒడ్డున గంటలు పెంచమంటున్నాను. అంటే పిల్లల్ని నీళ్ల పక్కన ఎక్కువ సేపు ఉంచమంటున్నాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం 2021లో నీటిలో మునిగి దాదాపు 3 లక్షల మంది పోయారు, వాళ్లలో నాలుగో వంతు ఐదేళ్ల లోపు పిల్లలు. చెరువులు, కాలవలు, బావులు అన్నీ కలిపిన లెక్క అది, సముద్రం ఒక్కటే కాదు. అయినా ఆ అంకె చూశాక నేను రాసింది ఆపి చాలా సేపు ఆలోచించాను.

మాకు జరిగింది చెప్తాను. అదే రెండోసారి, రెండో రోజు సాయంత్రం. చిన్నోడు అల వెనక్కి పోయిన చోట గొంతుక్కూర్చుని గవ్వ తీస్తున్నాడు. వాణ్ని నేను చూస్తున్నానని మావారు అనుకున్నారు. ఆయన చూస్తున్నారని నేను అనుకున్నాను. మామూలు కంటే ఒక పెద్ద అల వచ్చి వాణ్ని వెనక్కి కూలేసింది. మోకాలి లోతు కూడా లేదు. అల వెనక్కి వెళ్తూ కింద ఇసుకతో పాటు వాణ్ని కూడా లాగింది. వాడు అరవలేదు, ఏడవలేదు. చప్పుడే లేదు. నేను ఊరికే తల తిప్పితే కనబడ్డాడు. నాలుగంగల్లో వెళ్లి చొక్కా పట్టి లేపాను. రెండు సార్లు దగ్గి, అప్పుడు ఏడుపు అందుకున్నాడు. నా చేతులు మాత్రం చాలాసేపు వణికాయి. మునిగే పిల్లలు చేతులు ఊపి కేకలు వేస్తారని అనుకుంటాం. వాళ్లకి ఊపిరి తీసుకోవడానికే వ్యవధి ఉండదు, ఇంక కేక ఎక్కడిది.

ఆ రోజు నుంచి మా ఇంట్లో ఒక పద్ధతి. "ఇప్పుడు నువ్వు" అని నోటితో చెప్పి అప్పగించాలి. అవతలి మనిషి "నేను" అనాలి. పావుగంటకోసారి మారాలి. డ్యూటీలో ఉన్న మనిషి ఫోన్ ముట్టుకోకూడదు, పిల్లలకి చెయ్యి చాచితే అందే దూరంలో ఉండాలి. నలుగురు పెద్దవాళ్లున్నా ఇదే. అసలు పెద్దవాళ్లు ఎక్కువైన కొద్దీ "ఎవరో ఒకరు చూస్తున్నారులే" అన్న నమ్మకం ఎక్కువవుతుంది.

నీళ్లని చదవడం కూడా కొంత నేర్చుకున్నాం. అలలు వరసగా విరుగుతున్న చోట నడుమ ఒక సందులో మాత్రం అల విరగకుండా, నీళ్లు నిమ్మళంగా, ముదురు రంగులో ఉంటే అది పిల్లలకి బాగుందనుకుని పొరపాటున దింపేస్తాం. నిజానికి ఒడ్డుకి కొట్టిన నీళ్లన్నీ తిరిగి లోపలికి పోయే దారి అదే. ఆ ప్రవాహం కొన్ని చోట్ల సెకనుకి 2.4 మీటర్ల దాకా ఉంటుంది, ఒలింపిక్స్ ఈతగాడు కూడా దానికి ఎదురీదలేడు. చిక్కుకుంటే ఒడ్డు వైపు పోరాడకుండా తేలుతూ, ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈదాలి. ఇది పెద్దవాళ్లకి. పిల్లలైతే అసలు అటు దిగకూడదు. గాలి ఊదిన ట్యూబులు మేం తీసుకెళ్లడం మానేశాం. నేల వైపు నుంచి గాలి వీస్తే అవి నిమిషాల్లో లోపలికి కొట్టుకుపోతాయి. లైఫ్‌గార్డులు లేని ఒడ్డున మేం చీలమండ దాటి దిగం. ఇన్ని జాగ్రత్తలు తీసుకోవాలన్నా ఒక ఒడ్డుతో పరిచయం ఉండాలి. కారు దిగి పదిహేను నిమిషాలు ఫొటోలు తీసుకుని వెళ్లిపోయే వాళ్లకి ఆ నీళ్లు ఎలా పోతున్నాయో చూసే తీరిక ఉండదు, పిల్లలేమో దిగగానే నీళ్లకేసి పరిగెడతారు. నాకు ఇప్పుడు ఆ పదిహేను నిమిషాలే ఎక్కువ భయం.

పిల్లలకి కూడా చూడడం నేర్పొచ్చు. 2004 డిసెంబర్ 26న థాయ్‌లాండ్‌లోని ఫుకెట్‌లో టిల్లీ స్మిత్ అనే పదేళ్ల పాప ఒడ్డున నీళ్లు నురగలు కక్కుతూ వింతగా ఉండడం గమనించి, రెండు వారాల క్రితం బడిలో చెప్పిన సునామీ పాఠం గుర్తొచ్చి పెద్దవాళ్లని హెచ్చరించింది. వాళ్లు నమ్మి ఒడ్డు ఖాళీ చేయించారు. ఆ ఒడ్డున ఎవరూ చనిపోలేదు. మా పిల్లకి అంత తెలుసని కాదు. కానీ నీళ్లు మామూలుగా ఎలా ఉంటాయో తెలిసిన పిల్లకే మామూలుగా లేవని తెలుస్తుంది.

ఎండ సంగతి చాలామందికి తెలిసిందే, ఒక్కటి మాత్రం నాకు ఆలస్యంగా తెలిసింది. గొడుగు నీడలో కూర్చోబెడితే చాలదు. పొడి ఇసుక దాదాపు 15 శాతం, నురగ 25 శాతం దాకా అతినీలలోహిత కిరణాల్ని పైకి తిప్పికొడతాయి. నీడలోనే కూర్చున్న చిన్నోడి గడ్డం కింద కందింది ఇందుకే. నిద్రపోయిన పిల్లల్ని "ఐదు నిమిషాలేగా" అని కారులో వదిలి దిగడం మాత్రం ఎప్పుడూ వద్దు. మూసిన కారు లోపల పది నిమిషాల్లో దాదాపు పది డిగ్రీలు పెరిగిపోతుంది.

"వాళ్లకి ఏం గుర్తుంటుంది?"

మా అత్తగారు అడిగిన మాట ఇది. కోపంగా కాదు, నిజంగా తెలుసుకుందామనే. ఇంత కష్టపడి తీసుకెళ్తున్నారు, పెద్దయ్యాక ఒక్కటీ గుర్తుండదు కదా, ఇంకో నాలుగేళ్లు ఆగితే హాయిగా తిరుగుతారు కదా అని.

ఆవిడ అన్నది నిజమే. పెద్దవాళ్లని అడిగితే వాళ్ల మొదటి జ్ఞాపకం సగటున మూడు, మూడున్నరేళ్ల వయసుది. అమెరికాలో పట్రీషియా బావర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, మూడేళ్ల పిల్లలు తమ తల్లులతో మాట్లాడిన పాత సంగతుల్ని నమోదు చేసి, కొన్నేళ్ల తర్వాత అవే సంగతులు అడిగి చూశారు. ఐదు, ఆరు, ఏడేళ్ల పిల్లలు సగానికి పైగా చెప్పారు. ఎనిమిది, తొమ్మిదేళ్ల వాళ్లు మూడో వంతు పైచిలుకు మాత్రమే. అంటే మా చిన్నోడి బుర్రలో ఇప్పుడు భద్రంగా ఉన్న పీతలు కూడా ఇంకో ఐదేళ్లలో చెరిగిపోవచ్చు.

నేను ఆవిడకి వెంటనే జవాబు చెప్పలేకపోయాను. తర్వాత ఆలోచిస్తే తోచింది ఒకటే. ఈ లెక్కతో చూస్తే మూడేళ్ల లోపు పిల్లలకి మనం పాడిన జోలపాటలు, ఆడించిన ఆటలు, మోసిన రాత్రుళ్లు అన్నీ దండగే. అలా ఎవరూ అనుకోరు. వాటికి ఫలితం అప్పటికప్పుడే పిల్లల ఒంట్లో, ధైర్యంలో చేరిపోతుంది. మొదటి రోజు తడి ఇసుక కాలికి తగిలితేనే చిన్నోడు ఏడ్చి నా మెడకి చుట్టుకున్నాడు. మూడో రోజు నా చెయ్యి పట్టుకుని నురగలో నిలబడ్డాడు. వాడికి ఆ మూడు రోజులు గుర్తుండకపోవచ్చు, నీళ్లంటే జంకు తగ్గిన కాళ్లు వాడివే.

ఆగితే హాయిగా తిరుగుతారన్నది కూడా నిజమే. పదేళ్ల పిల్లలతో ఎక్కువ దూరాలు వెళ్లొచ్చు, కొండ మలుపులు చూపించొచ్చు, వాళ్ల కళ్లు కిటికీ పైకి వస్తాయి. అప్పుడు వెళ్లే ప్రయాణం వేరు. కాకపోతే ఆ వయసు పిల్ల గుంట దగ్గర గంటన్నర కూర్చుంటుందా అంటే నాకు అనుమానమే.

స్నేహితురాలికి

నీ లిస్టులో నాకు తెలిసిన చోట్లలోంచి రెండు ఎంచుకున్నాను, విడిగా పంపుతాను. రెంటి మధ్య కారులో గంటన్నర. రెండు చోట్లా లైఫ్‌గార్డులున్నారు, గది నుంచి ఇసుకకి నడిచి వెళ్లొచ్చు. బయలుదేరే ముందు ఆ ఐదు రోజులకి ఆటుపోట్ల వేళలు చూసుకుని నీళ్లు తగ్గే సమయానికి పిల్లల్ని తీసుకెళ్లు. పాపకి కారు మధ్యలో సీటు కుదిరితే అక్కడే పెట్టు, ముందు అద్దంలోంచి రోడ్డు కనబడితే వాంతులు తగ్గుతాయి. మందు వాడాలనుకుంటే డాక్టర్ని అడిగే వాడు. మారు బట్టలు డిక్కీలో కాకుండా నీ కాళ్ల దగ్గర పెట్టుకో. మిగతా తొమ్మిది చోట్లు ఎక్కడికీ పోవు.

మీ ఆయన ఒప్పుకోకపోతే మేం చేసుకున్న ఏర్పాటు చెప్పు. మావారు ఒక రోజు పొద్దున్నే ఒంటరిగా కారు తీసుకుని ఆ కొండ మలుపుల రోడ్డు మీద లైట్‌హౌస్ దాకా వెళ్లొస్తారు. మేం ముగ్గురం ఒడ్డునే ఉంటాం. పోయినసారి ఆయన తొమ్మిదింటికల్లా తిరిగొచ్చి, రోడ్డు ఎలా ఉందో గంటసేపు చెప్పారు. పెద్దది ఇసుకలో వేలితో ఆ మలుపులన్నీ గీయించుకుంది.

మేం మళ్లీ వెళ్లబోతున్నాం. రెండు రాత్రులు కొత్త చోట, రెండు రాత్రులు పాత ఒడ్డున. "నా గుంట ఇంకా ఉంటుందా?" అని పెద్దది రోజూ అడుగుతోంది. మనమే పూడ్చేశాం కదా, ఆ పైన ఎన్నో పోట్లు వచ్చి వెళ్లాయి, గుర్తు కూడా ఉండదని చెప్పాను. కాసేపు ఆలోచించి, "అయితే ఈసారి తమ్ముడికి కూడా ఒక పార కావాలి" అంది.